మా ఆయన సిగరెట్టే నాకు క్యాన్సర్ తెచ్చిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు, పట్టాభిపురం. నా వయసు 43. ఏడు నెలల క్రితం ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు, రెండో స్టేజీ. విజయవాడలో ఆపరేషన్ అయింది. కీమో ఇంకొక్కటి మిగిలింది, వచ్చే నెల నుంచి రేడియేషన్. వైద్యం గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఇంటి గురించే.

మావారు పెళ్లికి ముందు నుంచీ సిగరెట్ తాగుతారు, రోజుకి ఒక పెట్టె. పెళ్లైన కొత్తలో హాల్లో టీవీ చూస్తూ తాగేవారు. పాప పుట్టాక బాల్కనీలోకి మారారు. మా అమ్మ పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పనికెళ్లి మమ్మల్ని పెంచిన మనిషి. నాకు తోడుగా ఉందామని వచ్చి, ఒకరోజు అందరి ముందూ ఆయన్ని పట్టుకుని "నీ సిగరెట్టే నా కూతురికి ఈ గతి పట్టించింది" అనేసింది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అప్పటి నుంచి అన్నం ఒక్కరే తింటున్నారు, నాతో సరిగా మాట్లాడరు. సిగరెట్లు మాత్రం పెరిగాయి. కీమోకి తీసుకెళ్లేటప్పుడు కాజ టోల్‌గేట్ దాటగానే కారాపి రెండు తాగితే గానీ కదలడం లేదు.

మా అమ్మమ్మ చుట్ట తాగి 82 ఏళ్లు బతికిందట. "ఆడదానికి తన పొగ ఏమీ చెయ్యదు, మొగుడి పొగే చేటు" అని అమ్మ వాదన. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. విశాఖలో పీజీ చేసిన రెండేళ్లూ హాస్టల్ డాబా మీద స్నేహితురాళ్లతో నేనూ తాగాను, రోజుకి రెండో మూడో. పెళ్లికి ముందే మానేశాను. ఇది మావారికీ తెలియదు, డాక్టర్లకీ చెప్పలేదు. మా వంశంలో ఈ జబ్బు ఎవరికీ లేదు. మా మేనత్త ఒకావిడ 45 ఏళ్లకే కడుపులో గడ్డ వచ్చి, పొట్టలో నీరు చేరి పోయింది గానీ అది వేరు. తప్పు ఆయనదా, నాదా? నా పాత సంగతి ఇప్పుడు డాక్టర్‌కి చెప్పాలా? మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. దాని గతేమిటి?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి తీర్పు సంగతి చూద్దాం. అల్లుడి సిగరెట్ వల్లే కూతురికి క్యాన్సర్ వచ్చిందని చెప్పడానికి ఆవిడ దగ్గరే కాదు, నా దగ్గరా, మీకు ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరా కూడా ఆధారం లేదు. అలాగని పొగకీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధమే లేదని మీవారిని ఊరడించడానికీ లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో పొగ పట్టపగలు అందరూ చూస్తుండగా దొరికిన దొంగ. తాగేవాళ్లకి ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం తాగనివాళ్లకన్నా 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. రొమ్ము దగ్గర రెట్లు లేవు, శాతాలే ఉన్నాయి. అమెరికాలో 50 దాటిన సుమారు 80 వేల మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. తాగుతున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 16 శాతం, తాగి మానేసినవాళ్లలో 9 శాతం ఎక్కువగా కనిపించింది. 2017లో బ్రిటన్ నుంచి లక్ష మందికి పైగా ఆడవాళ్లతో ఇంకొకటి వచ్చింది. ఎప్పుడైనా తాగినవాళ్లందరినీ కలిపి చూస్తే అందులో 14 శాతం ఎక్కువ. 17 ఏళ్లు నిండకముందే మొదలుపెట్టినవాళ్లను విడిగా తీస్తే 24 శాతం.

శాతాలు వింటే భయం పెరుగుతుందే గానీ సంగతి అర్థం కాదు. కాబట్టి మనుషుల్లో చెబుతాను. పొగ జోలికి పోని ఆడవాళ్లు వెయ్యి మంది ఉన్నారు, వాళ్లలో 30 మందికి జీవితకాలంలో ఈ జబ్బు వస్తుందనుకోండి. ఈ 30 లెక్క సులువు కోసం నేను అనుకున్నదే. ఆ వెయ్యి మందీ సిగరెట్ తాగేవాళ్లే అయితే ఆ 30 కాస్తా 35 అవుతుంది. ఇప్పుడు ఆ 35 మందినీ వరసగా నిలబెట్టి, పొగ వల్ల అదనంగా వచ్చిన ఆ అయిదుగురూ ఎవరో చూపించమంటే ఎవరి తరమూ కాదు. ఏ గడ్డ మీదా "ఇది ఫలానా సిగరెట్ పని" అని ముద్ర ఉండదు, బయాప్సీ రిపోర్టులోనూ రాయరు. ఊరి మొత్తానికి లెక్క చెప్పగలం, ఒక మనిషిని చూపించి చెప్పలేం. మీ అమ్మగారు చేసిన పని అదే. ఊరి లెక్క తెచ్చి ఒక మనిషి నెత్తిన పెట్టారు.

అసలు ఈ విషయంలో శాస్త్రవేత్తలే చాలాకాలం తటపటాయించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు మీద 2004లో వేసిన సంపుటంలో రొమ్ము క్యాన్సర్‌ని పొగ ఖాతాలో వెయ్యలేదు. 2012 సంపుటంలో మాట మార్చి, సంబంధం కనిపిస్తోంది, ఆధారం పరిమితం అని రాసింది. ఎందుకింత నసుగుడంటే దానికి కారణాలున్నాయి. పడమటి దేశాల్లో సిగరెట్ తాగే ఆడవాళ్లలో చాలామంది మద్యం కూడా తాగుతారు. మద్యం రొమ్ము క్యాన్సర్‌కి రుజువైన కారణం. 2002లో 53 అధ్యయనాలను కలిపి, 58,515 మంది రోగుల వివరాలు తిరగేస్తే, మద్యం ముట్టని ఆడవాళ్లలో సిగరెట్ ప్రభావం దాదాపు కనపడనే లేదు. అందరూ అక్కడితో కేసు మూసేద్దామనుకున్నారు. తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు, ఎంత తాగారన్నదానితో పాటు ఏ వయసులో మొదలుపెట్టారన్నది కూడా విడదీసి చూశాక, మళ్లీ తెరవాల్సి వచ్చింది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. పొగ తాగేవాళ్లకి ముట్లు ఏడాది రెండేళ్లు ముందే ఆగిపోతాయి. అంటే ఒంట్లో ఈస్ట్రోజెన్ అంతమేరకు తగ్గుతుంది. చాలా రొమ్ము క్యాన్సర్లకి మేత ఆ హార్మోనే. ఒక చేత్తో విషం పోస్తూ ఇంకో చేత్తో మేత తగ్గించే సరుకు గురించి కచ్చితమైన లెక్క తేల్చడం మాటలా?

విషం రొమ్ము దాకా చేరుతుందనడంలో మాత్రం సందేహం లేదు. పొగ ఊపిరితిత్తుల్లోనే ఆగదు, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పిల్లలకి పాలివ్వని ఆడవాళ్ల రొమ్ములోంచి తీసిన స్రావంలో నికోటిన్ ఉన్నట్టు 1970ల చివర్లోనే కనుక్కున్నారు. రొమ్ములోని గ్రంథులు పూర్తిగా ముదిరేది మొదటి కాన్పుతోనే. అందాకా ఆ కణాలు లేతగా, తొందర తొందరగా విభజన చెందుతూ ఉంటాయి. అందుకే వయసొచ్చిన దగ్గర్నుంచి మొదటి బిడ్డ పుట్టేదాకా ఉన్న కాలంలో తాగిన పొగకి చేటు ఎక్కువని మా అనుమానం.

ఇక మీవారి పొగ. ఇక్కడ పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. కాలిఫోర్నియా రాష్ట్ర పర్యావరణ సంస్థ 2005లో, ముట్లు ఆగని వయసు ఆడవాళ్లలో పక్కవాళ్ల పొగ రొమ్ము క్యాన్సర్‌కి కారణమేనని తేల్చేసింది. 2008లో బ్రిటన్‌లో జరిగిన చాలా పెద్ద అధ్యయనం, ఎన్నడూ తాగని ఆడవాళ్లలో అలాంటి సంబంధమేదీ లేదంది. నేను ఇందాక చెప్పిన 2011 అధ్యయనంలో, చిన్నప్పటి నుంచీ ఇంట్లోనూ పనిచోటా ఏళ్లకేళ్లు పొగలో మునిగినవాళ్లలో మాత్రం 32 శాతం ఎక్కువ కనిపించింది, ఓ మాదిరి పొగ పీల్చినవాళ్లలో తేడా తేలలేదు. అమెరికా ప్రభుత్వపు పెద్ద వైద్యాధికారి (సర్జన్ జనరల్) 2014 నివేదిక, సూచనలు ఉన్నాయి గానీ కారణమని చెప్పడానికి చాలవంది. నన్నడిగితే అనుమానం గట్టిదే, శిక్ష వేసేంత సాక్ష్యం మాత్రం లేదు. మీ ఇంట్లో రెండేళ్లు హాల్లో, 17 ఏళ్లు బాల్కనీలో. దీన్ని పట్టుకుని మనిషిని కంచం దగ్గర ఒంటరిని చెయ్యడం నాకు న్యాయంగా తోచడం లేదు.

అమ్మమ్మగారి చుట్ట గురించి ఒక్క మాట. తాగినవాళ్లందరూ పోరు, అందుకే ఇన్నాళ్లుగా పొగాకు బతికిపోతోంది. 82 ఏళ్లు బతికిన అమ్మమ్మ ప్రతి ఇంట్లోనూ కథ చెప్పడానికి మిగులుతుంది, 50కే పోయినావిడ గురించి ఎవరూ చెప్పరు. సిగరెట్ తాగే ఆడవాళ్లను ఏదో హైదరాబాద్ ఐటీ కంపెనీలు కనిపెట్టినట్టు మాట్లాడుతుంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం తరాల నాటిది, వాళ్లకి అంగిట్లో వచ్చే క్యాన్సర్ల మీద పరిశోధనలే జరిగాయి. పొగాకు బోర్డు 1976 నుంచీ మన గుంటూరులోనే కొలువుంది. మీ అమ్మగారు ఆకు గ్రేడింగ్ చేసిన చేతులతోనే మీకు అన్నం పెట్టారు. పొగాకు అన్నం పెట్టిన ఇళ్లలో పొగాకుని తిట్టడం కష్టం, అల్లుణ్ణి తిట్టడం తేలిక. ఆవిడని తప్పు పట్టడం లేదు. కూతురికి జబ్బు వచ్చినప్పుడు కోపానికి ఒక మొహం కావాలి, ఎదురుగా ఉన్న మొహం దొరికింది.

మీ డాబా సిగరెట్ల విషయానికొద్దాం. దాచకుండా చెబుతాను, అది మొదటి కాన్పుకి ముందు కాలమే. అయితే ఎన్ని తాగారు, ఎన్నేళ్లు తాగారు అన్నదాన్ని బట్టే ముప్పు పెరుగుతుంది. రోజుకి రెండు మూడు చొప్పున రెండేళ్లు తాగి, 20 ఏళ్ల క్రితం వదిలేసినదాన్ని మీ జబ్బుకి కారణంగా నేనైతే లెక్కలోకి తీసుకోను. మీరు మీ మీద వేసుకోవాలనుకుంటున్న కేసు మీవారి మీద కేసుకన్నా బలహీనం.

అయినా మీ రేడియేషన్ డాక్టర్‌కి చెప్పండి, తప్పకుండా చెప్పండి. రొమ్ముకి రేడియేషన్ ఇచ్చేటప్పుడు కింద ఉన్న ఊపిరితిత్తి మీద, ఎడమ వైపైతే గుండె మీద కూడా కొంత పడుతుంది. ఇవాళ్టి మిషన్లతో అది బాగా తగ్గింది. 2017లో వేసిన ఒక అంచనా ప్రకారం, రేడియేషన్ తీసుకుని కూడా సిగరెట్ మానని వాళ్లకి ఆ రేడియేషన్ వల్ల ముందుముందు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే ముప్పు సుమారు 4 శాతం, తాగనివాళ్లకి 0.3 శాతం. మీరు ఎప్పుడో మానేశారు కాబట్టి ఆ 4 మీది కాదు. కానీ డాక్టర్ "ఎప్పుడైనా తాగారా" అని అడిగేది మీ గుణగణాలు తూచడానికి కాదు, ఇలాంటి లెక్క వెయ్యడానికి. తర్వాత అయిదేళ్లు, ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర రాసినా, దానికి రక్తం గడ్డకట్టించే గుణం కొంత ఉంది కాబట్టి అప్పుడూ అడుగుతారు. అమ్మ పక్కనుంటే చెప్పలేనంటారా, ఓపీ దగ్గర మందుల చీటీ ఇచ్చి ఆవిడని ఫార్మసీకి పంపండి. ఆ క్యూలో నిలబడి వచ్చేసరికి మీరు జీవిత చరిత్ర మొత్తం చెప్పేసుకోవచ్చు. మీవారికి చెప్పాలా వద్దా అన్నది వైద్యం కాదు, మీ ఇష్టం.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది వేరే చోట. "కడుపులో గడ్డ, పొట్టలో నీరు, 45 ఏళ్లకే, కానీ అది వేరు" అన్నారు. వేరు కాకపోవచ్చు. నేను ఆవిడ రిపోర్టులు చూడలేదు, ఏ జబ్బో చెప్పలేను. కానీ అండాశయం క్యాన్సర్ వచ్చినావిడ గురించి ఇళ్లలో చెప్పుకునేది అచ్చం ఇలాగే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం దాకా వంశపారంపర్యంగా వస్తాయి. బీఆర్‌సీఏ అనే రెండు జన్యువుల్లో లోపం ఉంటే రొమ్ముకీ అండాశయానికీ రెండింటికీ ముప్పే. లోపం ఉన్న ఆడవాళ్లకి 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. ఇందాకటి 14, 16 శాతాల పక్కన దీన్ని పెట్టి చూడండి. అవి మామూలు ముప్పు మీద కాస్త పెరుగుదల, ఇది నూటికి డెబ్బై మంది. పైగా ఈ లోపం తండ్రి వైపు నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది. మగవాళ్లు జబ్బు పడకుండానే మోసుకొచ్చి కూతుళ్లకి అందిస్తారు. మనవాళ్లు "మీ అమ్మకి ఉందా, అక్కకి ఉందా" అని అడిగి ఊరుకుంటారు, మేనత్తని ఎవరూ అడగరు. డాక్టర్లం కూడా హడావిడిలో మర్చిపోతుంటాం.

మీకు 50 ఏళ్ల లోపే వచ్చింది కాబట్టి, మేనత్త సంగతి లేకపోయినా జన్యు పరీక్ష గురించి అడగదగ్గదే. రక్తంతో గానీ ఉమ్మితో గానీ చేస్తారు. లోపం ఉందని తేలితే రెండో రొమ్ము, అండాశయాల విషయంలో ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోవచ్చు, మందులు ఎంచడంలోనూ తేడా వస్తుంది. ఆ మేనత్త పిల్లలు గానీ చుట్టాలు గానీ ఉంటే ఫోన్ చేసి, ఆపరేషన్ కాగితం, పాత డిశ్చార్జి షీటు ఏదైనా ఉందేమో కనుక్కోండి. మా వాళ్లు ఇలాంటివి బీరువాలో పెళ్లి ఆల్బం కింద దాస్తుంటారు, దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త. ఇది విన్నాక మీ అమ్మగారు అల్లుడి మీద కేసు కొట్టేసి, పోయిన ఆడపడుచు మీద పెడతారు. "మీ నాన్న వైపు రక్తమే అంత" అని మొదలవుతుంది. అది మొదలుకాకముందే ఆపండి. జన్యువు ఎవరూ కావాలని ఇచ్చేది కాదు.

అమ్మాయి గతేమిటని అడిగారు. ఇప్పటికిప్పుడు దానికి ఏ పరీక్షా అక్కర్లేదు, 17 ఏళ్ల పిల్లకి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్-రే) తీయరు. మీ జన్యు పరీక్షలో లోపం లేదని వస్తే, మామూలుగా తల్లికి వచ్చిన వయసుకన్నా పదేళ్ల ముందు నుంచీ, అంటే 33 దగ్గర్నుంచి పరీక్షలు మొదలుపెట్టమంటాం. లోపం ఉందని వస్తే, మేజర్ అయ్యాక తను పరీక్ష చేయించుకోవాలో వద్దో తనే తేల్చుకుంటుంది. తనకీ ఉందని తేలితే 25 నుంచే ఏటా ఎమ్మారై. సిగరెట్ విషయానికొస్తే, ఇందాక చెప్పిన లేత వయసులో ఉన్నది ఇప్పుడు తనే. వచ్చే ఏడు ఏదో ఒక హాస్టల్‌కి వెళ్తుంది, ఆ హాస్టల్‌కీ డాబా ఉంటుంది. ఉపన్యాసం ఇస్తే వినదు. మీ కథ చెబితే వింటుందనిపిస్తోంది, ఎప్పుడు చెప్పాలో మీకే తెలుస్తుంది.

మిగిలింది మీవారు. ఈ పేరా ఆయన చేతికివ్వండి.

అయ్యా, మీ భార్యకి జబ్బు మీరు తెచ్చారని నేననడం లేదు, పైన చదివితే తెలుస్తుంది. ఇప్పుడు మానడానికి ఆ నేరం ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. నిన్నటి పొగ సంగతి ఎవరూ తేల్చలేరు గానీ, పక్కవాళ్ల పొగ గుండెకీ ఊపిరితిత్తులకీ చేటు చేస్తుందన్నది ఎప్పుడో తేలిపోయింది. ఆవిడ గుండె పక్కనుంచే రేడియేషన్ వెళ్లబోతోంది. బాల్కనీ పొగ తలుపు సందులోంచి లోపలికొస్తుంది, కారు అద్దం దించినా సీట్లకి పట్టిన వాసన పోదు. రోజుకి పెట్టె తాగేవాడు ఒక్కసారిగా మానితే మొదటి మూడు నాలుగు రోజులు ఒంట్లో తేళ్లు పాకినట్టుంటుంది, తిక్క, నిద్రలేమి రెండు మూడు వారాలుంటాయి, తర్వాత తగ్గుతాయి. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లా గబగబా నమలకండి, గొంతు మండి, ఎక్కిళ్లొచ్చి మరునాడే పారేస్తారు. నాలుగుసార్లు నమిలి, ఘాటు తెలియగానే బుగ్గన పెట్టుకోవాలి. టీ తాగిన పావుగంట దాకా వేసుకోకండి, పని చెయ్యదు. పెట్టె మీద బొమ్మ పక్కన 1800-11-2356 అని ఒక నంబరుంటుంది, ఇన్నేళ్లలో చూసే ఉంటారు. ఉచితం, చేసి మాట్లాడండి.

అమ్మా, రేడియేషన్ చాలామందికి సోమవారం నుంచి శుక్రవారం దాకా మూడు వారాలు, 15 సార్లు ఉంటుంది. మీకెన్నో మీ డాక్టర్ చెబుతారు. రోజూ గుంటూరు నుంచి విజయవాడకి ఆయనే తీసుకెళ్లాలి. మొదటి రోజునే మానే రోజుగా పెట్టుకోమనండి. కాజ టోల్‌గేట్ ఎటూ దాటుతారు కదా. అక్కడ ఆయన చేతికి ఒక జామకాయ ఇవ్వండి. మిషన్ గదిలోకి వెళ్లే ముందు మీ బ్యాగూ, చున్నీ, ఫోనూ, ఫైలూ అన్నీ ఆయన చేతుల్లోనే పెట్టి వెళ్లండి, అమ్మ చేతుల్లో కాదు.